చాకిరి నుంచి పరిచర్యకు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత క్రైస్తవ జీవనంలో శ్రమ భావన

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవుల ప్రార్థనల్లోను, ప్రసంగాల్లోను 'ఫలించే జీవితం' అనే మాట తరచుగా వినబడుతుంది. యోహాను సువార్తలోని ద్రాక్షావల్లి ఉపమానం నుంచి, పౌలు గలతీయులకు రాసిన పత్రికలోని ఆత్మ ఫలం అనే భావన నుంచి ఈ మాట సంఘ భాషలోకి వచ్చింది. పట్టణ విద్యావంతునికి ఇది క్రమశిక్షణను, సమయపాలనను, వృత్తిలో ఎదుగుదలను స్ఫురింపజేస్తుంది. అయితే తరతరాలుగా తాము దున్ని, నాటి, కోసిన పంట పరుల గాదెకు చేరడాన్నే చూస్తూ వచ్చిన కుటుంబాలు ఈ మాటను ఏ అర్థంలో స్వీకరించి ఉంటాయి? ఉత్తర తెలంగాణలో క్రైస్తవ విశ్వాసానికీ శ్రమకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే.

పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమైన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఈ పరిశీలనకు అనువైనవి. వరి పండించే చెరువుల కింది గ్రామాలు, బీడీలు చుట్టే ఇళ్లు, మగ్గాలు నడిచే వాడలు, గల్ఫ్ దేశాలకు వలసపోయే యువకులు ఇక్కడి శ్రమ చరిత్రకు ప్రధానమైన గుర్తులు. ఈ ప్రాంత జనాభాలో క్రైస్తవులు స్వల్పసంఖ్యాకులు. వారిలో అధికభాగం మాల, మాదిగ కులాల నుంచి వచ్చినవారు. కనుక ఇక్కడి క్రైస్తవ చరిత్ర చాలావరకు శ్రామికుల చరిత్ర.

విశ్వాసం మనుషులను కష్టజీవులుగా మార్చిందనే సాధారణ వాదం ఈ ప్రాంతానికి వర్తించదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇక్కడి శ్రామికులు అంతకుముందే రెక్కలు ముక్కలయ్యేలా కష్టపడుతున్నవారు. ఆ పని ఎవరిది, దానికి ప్రతిఫలం ఏమిటి, అది ఎప్పుడు ఆగాలి అనే ప్రశ్నలు వేసుకోవడానికి విశ్వాసం వారికి ఒక భాషను, ఒక దినాన్ని, కొన్ని వృత్తులను ఇచ్చింది. ఆ మార్పు ఎంతవరకు సాగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఈ వ్యాస విషయం.

శ్రమను చెప్పే మాటలు

శ్రమ స్వభావాన్ని తెలుసుకోవడానికి దానికి వాడిన మాటలే తొలి ఆధారాలు. 'వెట్టి' అనే పదాన్ని నిఘంటుకారులు సంస్కృత 'విష్టి' శబ్దానికి వికృతిగా చూపారు. 'చాకిరి' పారసీకం నుంచి వచ్చింది. నిజాం పాలనలో 'బేగారి' కూడా అదే మార్గంలో వ్యవహారంలో స్థిరపడింది. మూడింటి సారం ఒకటే: అడిగే హక్కు లేని పని.

'జీతం' అనే మాట చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. దీనిని 'జీవితం' అనే సంస్కృత పదం నుంచి వచ్చినదిగా బ్రౌన్ నిఘంటువు చూపుతుంది. బ్రతుకుకు ఆధారమైనది జీతం. కాని తెలంగాణ పల్లెల్లో 'జీతగాడు' అంటే దొర దగ్గర తీసుకున్న అప్పుకు ఏళ్ల తరబడి, కొన్నిచోట్ల తండ్రి తర్వాత కొడుకుగా, పనిచేసే మనిషి. ఆ వ్యవస్థనే పాలనా భాషలో 'భగేలా' అన్నారు. బ్రతుకునిచ్చే జీతమే బ్రతుకును తాకట్టు పెట్టించుకున్న పరిస్థితి ఈ ఒక్క పదప్రయోగంలో కనిపిస్తుంది.

ఈ పదజాలం మధ్యకు తెలుగు బైబిలు వచ్చింది. విశాఖపట్నంలో పందొమ్మిదో శతాబ్ది తొలి దశకంలో ప్రారంభమైన అనువాద కృషి 1818లో కొత్త నిబంధన వెలువడటానికి, 1854లో సంపూర్ణ గ్రంథం రూపొందడానికి దారితీసింది. ఈ పరంపరలో ప్రచారం పొందిన పాఠంలో, నిర్గమకాండం మొదటి అధ్యాయం ఐగుప్తులోని ఇశ్రాయేలీయుల బానిసత్వాన్ని వర్ణించేటప్పుడు 'వెట్టి' అనే మాటనే ఉపయోగించింది. అనువాదకుల దృష్టిలో అది సమానార్థక పదం కావచ్చు. తెలంగాణ గ్రామంలో ఆ అధ్యాయాన్ని చదివించుకుని విన్న శ్రోతకు మాత్రం అది తన పేరుతో పిలిచినట్లే ఉండి ఉంటుంది. దూరదేశపు ప్రాచీన గాథలో తన నిత్యానుభవం తన మాటలోనే పలికింది. పైగా ఆ గాథ వెట్టి నుంచి విడుదలతో ముందుకు సాగుతుంది.

కొత్త నిబంధనలోని వృత్తుల ప్రస్తావన కూడా ఇక్కడి శ్రోతకు సన్నిహితమైనదే. పౌలు గుడారాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. పేతురు యొప్పే పట్టణంలో చర్మకారుడైన సీమోను ఇంట బస చేశాడు. లూదియ ఊదారంగు బట్టలమ్మే వ్యాపారి. తోలు పని కారణంగా ఊరి వెలుపల ఉంచబడిన కుటుంబాలకు అపొస్తలుడు చర్మకారుని ఇంట అతిథిగా ఉండటం చిన్న వివరం కాదు. వృత్తి మనిషిని మైలపరచదన్న భావన ఇక్కడ వాదరూపంలో కాక కథారూపంలో అందింది.

'పరిచర్య' అనే పదం మరో దిశలో విస్తరించింది. పూర్వ సాహిత్యంలో గురువుకు, దైవానికి, పెద్దలకు చేసే శుశ్రూషను సూచించిన ఈ మాట సంఘ భాషలో బోధకుని పనికి, ఉపాధ్యాయుని పనికి, రోగిని కడిగే నర్సు పనికి సమానంగా వర్తించింది. చాకిరి బలవంతాన చేసేది, పరిచర్య పిలుపుకు లోబడి చేసేది. చేతుల కదలిక ఒకటే అయినా చేసే మనిషి స్థానం మారింది.

వెస్లియన్ మిషన్ వారసత్వం

ఈ ప్రాంతంలో సంఘటిత ప్రొటెస్టెంట్ కృషికి ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ సంస్థ ప్రధాన వాహిక. 1879 ప్రాంతంలో విలియం బర్జెస్ సికిందరాబాద్ కేంద్రంగా పని ప్రారంభించిన తర్వాత 1880వ దశకంలో ఆ కృషి కరీంనగర్, సిద్దిపేట, మెదక్ వైపు విస్తరించింది. అప్పటి ఎలగందుల జిల్లాయే 1905లో కరీంనగర్ జిల్లా అయింది. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలు అందులో చేరాయి. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది.

ఈ మిషనరీలు తమతో తెచ్చిన శ్రమ భావనకు మూలపురుషుడు జాన్ వెస్లీ (1703–1791). ధనవినియోగం గురించి ఆయన చేసిన ప్రసిద్ధ ప్రసంగం మూడు కర్తవ్యాలను బోధిస్తుంది: ఎవరికీ హాని కలిగించకుండా శక్తికొద్దీ సంపాదించడం, వృథా చేయకుండా పొదుపు చేయడం, మిగిలినదంతా ఇతరులకు ఇవ్వడం. మూడోది లేకుంటే మొదటి రెండూ ఆత్మకు ప్రమాదకరమని ఆయన అభిప్రాయం.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904–05లో ప్రచురించిన ప్రసిద్ధ రచనలో ప్రొటెస్టెంట్ నీతికీ ఆధునిక పెట్టుబడిదారీ స్ఫూర్తికీ సంబంధాన్ని ప్రతిపాదించాడు. వృత్తిని దైవాహ్వానంగా భావించడం, మితవ్యయం, కాలనియమం కలిసి మూలధన సంచయానికి దోహదం చేశాయన్నది ఆయన వాదం. ఆంగ్ల చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1963లో వెలువరించిన ఆంగ్ల శ్రామికవర్గ చరిత్రలో మెథడిజం పాత్రను కఠినంగా విమర్శించాడు. కర్మాగారపు గంటకు లోబడే శ్రామికుని తయారు చేయడంలో ఆ మతం యజమానులకు ఉపకరించిందని ఆయన చూపాడు. ఆయన తండ్రి ఎడ్వర్డ్ థాంప్సన్ బెంగాల్లోని బాంకురాలో పనిచేసిన వెస్లియన్ మిషనరీ కావడం ఇక్కడ గమనార్హం.

వెబర్, థాంప్సన్ ఇద్దరి విశ్లేషణల్లోనూ శ్రామికుడు కూలికి పనిచేసేవాడు. ఒప్పందం ఎంత అన్యాయమైనదైనా అతనికి ఒక ఒప్పందం ఉంది. వెట్టిలో ఉన్న మాదిగకు, భగేలాలో ఉన్న జీతగానికి అది కూడా లేదు. కాలాన్ని క్రమశిక్షణతో వాడుకోమని బోధించాలంటే ముందు ఆ కాలం అతనిదై ఉండాలి. కాబట్టి ఇంగ్లండులో శ్రామికుని పనిగంటలకు కట్టివేసిన మతమే ఇక్కడ అతనికి పని ఆపే గంట ఒకటుందని చెప్పవలసి వచ్చింది. ఒకే సంప్రదాయం రెండు సమాజాల్లో రెండు విధాలుగా పనిచేయడానికి కారణం సిద్ధాంతంలో కాక భూసంబంధాల్లో ఉంది.

ఆదివారం: కాలంపై హక్కు

వెట్టి వ్యవస్థలో ప్రతి కులానికీ నిర్ణీతమైన బాధ్యతలు ఉండేవి. మాదిగలు చెప్పులు, మోటకు కావలసిన తోలు సామగ్రి సమకూర్చాలి, డప్పు కొట్టాలి, ఊరి కబుర్లు చేరవేయాలి. మాలలు అధికారుల సామాను మోయాలి, కావలి కాయాలి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, గౌడ ఎవరూ దీనికి మినహాయింపు కాదు. ఈ పనులన్నిటిలోనూ శ్రామికునికి అత్యంత భారమైన అంశం వేళ లేకపోవడం. పిలుపు రాత్రి రావచ్చు, సొంత చేను ఎండుతున్నప్పుడు రావచ్చు, ఇంట చావు జరిగినప్పుడూ రావచ్చు.

ఇటువంటి వ్యవస్థలో వారానికొక దినం పని చేయరాదన్న నియమం మతాచారం మాత్రమే కాదు. దీని తీవ్రతను తెలుసుకోవడానికి కోస్తాలోని ఒంగోలు ఉదాహరణ ఉపకరిస్తుంది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మాదిగల మధ్య పనిచేసినప్పుడు సంఘంలో చేరేవారికి విధించిన నియమాల్లో ప్రధానమైనవి మూడు: ఆదివారం పని మానడం, చచ్చిన పశువుల మాంసం తినకపోవడం, విగ్రహారాధన విడిచిపెట్టడం. వీటిలో మొదటిది భూస్వాములతోను, కరణాలతోను ఘర్షణకు కారణమైంది. ఊరి ఉత్సవాల్లో డప్పు కొట్టడానికి నిరాకరించడం కూడా అటువంటిదే. మతం మార్చుకోవడం కంటే పనికి రాకపోవడమే ఊరి పెద్దలకు పెద్ద నేరంగా కనబడింది.

విశ్రాంతి దినానికి బైబిలు రెండు కారణాలను చెబుతుంది. నిర్గమకాండం సృష్టి కార్యాన్ని కారణంగా చూపగా, ద్వితీయోపదేశకాండం బానిసత్వ స్మృతిని కారణంగా చూపుతుంది. నీవు ఒకప్పుడు దాసుడవు గనుక నీ దాసునికి, దాసికి కూడా విశ్రాంతి ఉండాలన్నది రెండో కారణపు సారాంశం. తెలంగాణ పల్లె వాడుకలోని 'ఆయితారం' ఈ రెండో అర్థంలోనే శ్రామికునికి విలువైనది. ఏడింట ఒక్క దినమైనా తనది అనుకునే మనిషి, మిగిలిన ఆరు దినాలు ఎవరివి అనే ప్రశ్న వేసుకోవడానికి ఎంతో కాలం పట్టదు.

కరువు కాలంలో కూలి

1876–78 నాటి మహాక్షామంలో ఒంగోలు మిషన్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్న వేలాది మందికి పని కల్పించింది. క్లౌ పూర్వం భూమి కొలతల పని నేర్చినవాడు కావడం ఇందుకు కలిసివచ్చింది. సహాయ కార్యక్రమం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలను నిలిపివేశాడు. అన్నం కోసం మతంలో చేరారన్న అపవాదు రాకూడదన్నది ఆయన జాగ్రత్త. తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కరువునాడు దానం కంటే పని కల్పించడం మేలన్న ఇదే ఆలోచన సిరిసిల్లకు పొరుగున ఉన్న మెదక్‌లో మరో రూపం ధరించింది. పందొమ్మిదో శతాబ్ది చివర ఇక్కడికి వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో 1914లో మొదలైన మెదక్ మహాదేవాలయ నిర్మాణం పదేళ్లు సాగి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుంది. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల ఎత్తయిన గోపురం గల ఈ కట్టడం ఆ కాలపు కరువుల్లో చుట్టుపక్కల గ్రామాల పేదలకు జీవనాధారమైంది. శిల్ప వైభవాన్ని చూసేవారికి అది రాతి కట్టడం. ఆ రాళ్లు మోసినవారి దృష్టిలో అది పనిచేసిన దినానికి ప్రతిఫలం దొరికిన చోటు.

ఈ రెండు ఉదాహరణల్లో ఉమ్మడిగా కనబడేది కూలి అనే భావన. కోతకూలీల కూలిని బిగబట్టిన ధనికులను యాకోబు పత్రిక తీవ్రంగా హెచ్చరిస్తుంది. కూలివాని కూలిని మరుసటి ఉదయం దాకా అట్టిపెట్టుకోరాదని లేవీయకాండం శాసిస్తుంది. వెట్టికి అలవాటుపడిన సమాజంలో పనికి కూలి దయాదానం కాదనీ, చెల్లించవలసిన బాకీ అనీ చెప్పడం చిన్న మార్పు కాదు.

పరిచర్య వృత్తులు

మిషన్ కేంద్రాల చుట్టూ ఏర్పడిన పాఠశాలలు, ఆసుపత్రులు పుట్టుకతో నిర్ణయం కాని కొన్ని వృత్తులను అణగారిన కులాల ముందుంచాయి. ఉపాధ్యాయుడు, సువార్తికుడు, కాంపౌండరు, నర్సు, బైబిలు స్త్రీ అనే పేర్లు అటువంటివి. ముఖ్యంగా స్త్రీల విషయంలో ఈ మార్పు స్పష్టమైనది. మెదక్‌లో పాస్నెట్ సోదరి ఎమిలీ పాస్నెట్, సారా హ్యారిస్‌లు స్త్రీల విద్యకు, వైద్యానికి పునాది వేశారు. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో భారతదేశమంతటా నర్సింగ్ వృత్తిలో క్రైస్తవ స్త్రీలే అధికసంఖ్యలో ఉండేవారు. పరుల శరీరాన్ని తాకడం మైల అని భావించే సమాజంలో, అంటరానివారిగా పరిగణింపబడిన కుటుంబాల ఆడపిల్లలు అన్ని కులాల రోగులనూ తాకే అధికారాన్ని వృత్తిరీత్యా పొందారు.

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలకు పడమట నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో వెలసిన కుష్ఠు ఆసుపత్రి ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో దీనిని నెలకొల్పారు. నిజామాబాద్‌కు చెందిన దాత రాజా నర్సాగౌడ్ ఉదారంగా సహాయం చేశారు. 1923లో ఇసబెల్ కెర్ కైసర్-ఇ-హింద్ పతకం అందుకున్నారు. 1932లో అక్కడే కృషి సాగిస్తూ మరణించారు. చాల్‌మోగ్రా జాతి నూనెల సూదిమందుతో పాటు తోటపని, సేద్యం, నిర్మాణం వంటి పనులూ అక్కడి రోగుల దినచర్యలో భాగమయ్యాయి. సమాజం వెలివేసిన మనిషికి తాను పనికిరానివాడను కానని తెలియజేయడం చికిత్సలో భాగమైంది. హిందూ దాత, విదేశీ వైద్యురాలు, అన్ని మతాల రోగులు కలిసిన ఈ సంస్థ, విశ్వాసప్రేరితమైన శ్రమ ఒక మతవర్గానికే పరిమితం కానవసరం లేదని నిరూపించింది.

పిడికెడు బియ్యం

ఫలవంతమైన జీవితానికి సంపాదన ఒక్కటే కొలమానం కాదనే భావనను తెలుగు సంఘాల్లో ఆచరణకు తెచ్చినవారిలో వి. ఎస్. అజరయ్య ముఖ్యుడు. 1912 డిసెంబర్ 29న దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1945 జనవరి 1న మరణించేవరకు సంఘాల స్వయంపోషణకు ఆయన ఎనలేని ప్రాధాన్యమిచ్చాడు. గ్రామ సంఘాలు విదేశీ ధనంపై ఆధారపడరాదన్నది ఆయన పట్టుదల. వంట చేసేముందు గృహిణి ఒక పిడికెడు బియ్యాన్ని వేరే కుండలో వేసి ఆదివారం సమర్పించే పద్ధతి, తొలిపంటను అర్పించే కోతపండుగ ఆనాటి సంఘాల్లో వ్యాపించాయి.

ఈ ఆచారపు సామాజిక సారం మత పరిధిని దాటినది. ఊరి వ్యవస్థలో మాల, మాదిగ కుటుంబాలు కళ్లం దగ్గర చేయి చాచి మేర అందుకునేవి. పుచ్చుకునే చేయి ఎప్పుడూ కిందే ఉంటుంది. ఇంటి కుండ నుంచి పిడికెడు తీసి ఇచ్చినప్పుడు అదే చేయి పైకి వచ్చింది. ఇవ్వగలిగినవాడు సొంతదారు. తాము పండించిన దానిలో కొంత తమదని, తమది కాబట్టి ఇవ్వగలుగుతున్నామని గుర్తించిన క్షణం శ్రామికుని ఆత్మగౌరవ చరిత్రలో విలువైనది. వెస్లీ చెప్పిన మూడో కర్తవ్యం ఇక్కడ మిగులు ధనం లేని ఇంట నెరవేరింది.

పరిమితులు

ఈ సాధనలను చెప్పుకున్నంత స్పష్టంగా వాటి హద్దులనూ చెప్పుకోవలసి ఉంది. మొదటిది, పరిచర్య వృత్తులు కొందరికే అందాయి. చదువుకున్నవారు మిషన్ కేంద్రాలకు, పట్టణాలకు తరలిపోగా అధికసంఖ్యాకులు పల్లెల్లో వ్యవసాయ కూలీలుగానే మిగిలారు. పి. వై. ల్యూక్, జాన్ బి. కార్మన్ మెదక్ జిల్లా వడియారం ప్రాంత గ్రామ క్రైస్తవులను పరిశీలించి 1968లో ప్రచురించిన గ్రంథం, ఊరి కట్టుబాట్లతోను పండుగలతోను తెగని సంబంధం గల సంఘాన్నే మన ముందుంచుతుంది. రెండోది, యజమానులకు లోబడమని చెప్పే పత్రికా భాగాలు కూడా అదే బైబిలులో ఉన్నాయి. విడుదలను బోధించిన ప్రసంగ వేదికే ఓర్పును, విధేయతను బోధించిన సందర్భాలు సంఘ చరిత్రలో ఉన్నాయి. మూడోది, మాల, మాదిగ భేదం సంఘ ప్రాకారాల లోపల కూడా కొనసాగింది.

వెట్టి ప్రశ్నను రాజకీయ ప్రశ్నగా మార్చిన ఘనత ఇతర ఉద్యమాలకు చెందుతుంది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జన సంఘం వెట్టి నిర్మూలనను తన తొలి కార్యక్రమాల్లో చేర్చింది. దాని కొనసాగింపైన ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలోనే జరిగింది. భాగ్యరెడ్డివర్మ (1888–1939) నడిపిన ఆది హిందూ ఉద్యమం మతమార్పిడితో నిమిత్తం లేకుండానే దళితుల విద్యకు, గౌరవానికి కృషి చేసింది. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ చట్టం చేసింది. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు శ్రమను నిషేధించింది. 1976లో కట్టుబానిసత్వ నిర్మూలన చట్టం వచ్చింది.

అయినా 1978 నాటికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో వెట్టి ఇంకా సజీవ సమస్యే. ఆ ఏడాది సెప్టెంబర్ 7న వేలాది రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబర్ 20న ఈ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రభుత్వం ప్రకటించడం తెలంగాణ చరిత్రలో ప్రసిద్ధ ఘట్టాలు. కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడిన సంవత్సరం కూడా అదే. ఒకవైపు సంఘం పాలనాపరంగా పరిణతి పొందుతుండగా మరోవైపు అదే నేలపై కూలీలు వెట్టికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. విశ్వాసం వ్యక్తికి ఇచ్చిన గౌరవం, భూసంబంధాలు మారనంతవరకు ఊరి నియమం కాలేదని ఈ కాలసామ్యం సూచిస్తుంది.

రాజ్యాంగపరమైన మరొక పరిమితి కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించినా క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతుల్లో 'సి' వర్గంగా, ఒక్క శాతం రిజర్వేషన్‌తో గుర్తింపు పొందారు. విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకోవడమా, చదువులోను ఉద్యోగంలోను అవకాశాన్ని నిలుపుకోవడమా అనే సంకటం అనేక కుటుంబాలకు నేటికీ తప్పలేదు. ఒకప్పుడు వృత్తి ద్వారాలు తెరిచిన విశ్వాసమే చట్టం దృష్టిలో కొన్ని ద్వారాలు మూసుకోవడానికి కారణమైంది.

వర్తమానంలో అదే ప్రశ్న

వెట్టి అంతరించినా కాలంపై హక్కు అనే ప్రశ్న అంతరించలేదు. కోరుట్ల పరిసరాల్లో బీడీలు చుట్టే స్త్రీలు వెయ్యి బీడీల లెక్కన కూలి పొందుతారు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం వారాంతపు సెలవును గుర్తించినా, ఇంటి వద్ద చేసే పనికి గడియారం లేదు. వంటకు, పిల్లల చదువుకు, చాటలోని తునికాకుకు మధ్య వారి దినం ముక్కలవుతుంది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే కార్మికుడు నేసిన బట్ట లెక్కన కూలి తీసుకుంటాడు. గిరాకీ తగ్గితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. ఇక్కడ విశ్రాంతి కోరుకున్నప్పుడు రాదు, కోరుకోనప్పుడు ఆకలి రూపంలో వస్తుంది.

ఈ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కార్మికుల ఆరాధనా జీవితంలో మరో విశేషం కనబడుతుంది. వారాంతపు సెలవు శుక్రవారం కావడంతో అక్కడి సంఘాలు శుక్రవారమే ఆరాధన జరుపుకోవడం ఆనవాయితీ అయింది. 2022 జనవరి నుంచి ఐక్య అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం శని, ఆదివారాలను సెలవులుగా మార్చినప్పుడు ఆ దేశంలోని సంఘాలు తమ వేళలను మళ్లీ సవరించుకోవలసి వచ్చింది. ఒకప్పుడు పల్లెలో ఆదివారం శ్రామికుని కాలాన్ని నిర్ణయించింది. ఇప్పుడు యజమాని ఇచ్చే సెలవు శ్రామికుని ఆదివారాన్ని నిర్ణయిస్తోంది.

ముగింపు

పై పరిశీలనను బట్టి కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు. ఉత్తర తెలంగాణలో క్రైస్తవ విశ్వాసం శ్రామికులకు కష్టపడటం నేర్పలేదు, అది వారికి తెలిసిన విద్యే. చాకిరిని, కూలిని, పరిచర్యను వేరుచేసి చూసే పదజాలాన్ని అందించింది. పని ఆగే దినమొకటి ఉందని చెప్పింది. కొందరికి పుట్టుకతో సంబంధం లేని వృత్తులను, అనేకులకు ఇచ్చే చేయి గౌరవాన్ని కలిగించింది. భూమిని, అధికారాన్ని మార్చే శక్తి దానికి ఒంటరిగా లేకపోయింది. ఆ మార్పుకు ఆంధ్ర మహాసభ నుంచి జగిత్యాల జైత్రయాత్ర వరకు అనేక ఉద్యమాలు, చట్టాలు అవసరమయ్యాయి.

యెషయా గ్రంథం చివరి అధ్యాయాల్లో రాబోయే మంచి కాలాన్ని వర్ణించేటప్పుడు ప్రవక్త ఆకాశంలోని అద్భుతాలతో సరిపెట్టుకోలేదు. కట్టినవారే ఆ ఇళ్లలో కాపురముండటం, నాటినవారే ఆ ఫలాలను అనుభవించడం ఆయన చూపిన గురుతులు. 'ఫలించే జీవితం' అనే మాటకు ఈ నేల మీద తగిన అర్థం అదే. ఫలం ఎంత పండిందన్న లెక్కతో పాటు, పండించిన మనిషి ఇంటికి ఎంత చేరిందన్న లెక్క కూడా ఈ ప్రాంత సంఘ చరిత్ర రచనలో భాగం కావాలి. బీడీ చాట ముందు, మరమగ్గం పక్కన, ఎడారి దేశపు కార్మిక శిబిరంలో ఆ రెండో లెక్క ఇంకా తేలవలసే ఉంది.